కథ పక్క పేజీలో ఏముంది?

మా తాతయ్య 'భారతి' సంచికలన్నిటినీ బైండు చేయించి, వీపు మీద బంగారు రంగు అక్షరాలతో సంవత్సరం వేయించి, అద్దాల బీరువాలో పెట్టుకునేవారు. అమ్మమ్మ చదివిన 'గృహలక్ష్మి'లు అటక మీద ఉండేవి. అలమరల్లో పరవడానికీ, ఊరగాయ జాడీల కింద వేయడానికీ ఒక్కొక్క కాగితమే దిగి వచ్చేది. తాతయ్య పోయాక బైండ్లు ఒక కాలేజీ లైబ్రరీకి వెళ్లాయి. అమ్మమ్మ పోయాక అటక దులిపించారు, అంతే.

ఈ తేడా నాకు చాలాకాలం తేడాగా తోచలేదు. ఎందుకంటే నేను కూడా అదే పని చేస్తూ వచ్చాను, కాకపోతే అటక మీద కాదు, నోట్సులో. ఎం.ఏ. విద్యార్థులకు పాఠం చెప్పడానికి రాసుకున్న నోట్సులో 'సాహిత్య పత్రికలు' అని ఒక శీర్షిక, 'స్త్రీల పత్రికలు' అని ఇంకో శీర్షిక ఉండేవి. మొదటిదానికి ఆరు పేజీలు, రెండోదానికి అర పేజీ. ఆ అర పేజీలో 'హిందూసుందరి'కి దక్కింది ఒక్క వాక్యం: 1902, ఏలూరు, సత్తిరాజు సీతారామయ్య. తెలుగు కథ పుట్టుక గురించిన పాఠం వేరే యూనిట్‌లో ఉండేది. అక్కడ 1910 ఫిబ్రవరి, 'ఆంధ్రభారతి', గురజాడ 'దిద్దుబాటు'. ఈ రెండు యూనిట్లకీ సంబంధం ఉందని నాకెవరూ చెప్పలేదు, నేనూ ఎవరికీ చెప్పలేదు.

తర్వాత సంగతి మీకు తెలిసిందే. 1902 నవంబరు 'హిందూసుందరి'లో భండారు అచ్చమాంబ 'ధనత్రయోదశి' అచ్చయిందనీ, అది 'దిద్దుబాటు' కంటే ఏడేళ్లకు పైగా ముందుదనీ స్త్రీల సాహిత్య చరిత్ర మీద పనిచేసినవాళ్లు గట్టిగా చెప్పడం మొదలుపెట్టారు. అచ్చమాంబను పక్కన పెట్టినా ఆచంట సాంఖ్యాయన శర్మ 'లలిత' కూడా గురజాడ కథకు ముందుదే. అయినా 2010లో తెలుగు కథకు నూరేళ్లు నిండాయని సభలు జరిగాయి. అదే ఏడాది సంగిశెట్టి శ్రీనివాస్ అచ్చమాంబ కథల్ని ఒకచోట చేర్చి పుస్తకంగా తెచ్చారు. నేను కూడా నోట్సు తీసి, 'దిద్దుబాటు'కు పైన ఒక గీత గీసి, 'ధనత్రయోదశి' అని రాసుకున్నాను. చేయవలసిన న్యాయం చేసేశానని తృప్తి పడ్డాను.

ఆ తృప్తిని ఒక విద్యార్థిని చెడగొట్టింది. క్లాసులో కథ చదివి చర్చించడం అయిపోయాక లేచి, "మేడమ్, ఆ పత్రికలో ఈ కథ పక్క పేజీలో ఏముంది?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. కథని నేను సంకలనంలో చదివానే తప్ప పత్రికలో చదవలేదు. తొలి కథ ఫలానా పత్రికలో వచ్చిందని ఢంకా బజాయించి చెప్తున్న మనిషి ఆ పత్రికని చూడనే లేదన్నమాట!

చూడాలని బయల్దేరితే దొరికింది ఎంత? ఒక పాత గ్రంథాలయంలో కొన్ని సంచికలు, స్కాన్ చేసిన ప్రతులు కొన్ని. బైండు చేసినవాళ్లు అట్టలు చింపేశారు. ప్రకటనలున్న కాగితాలు తీసేశారు. చివర్లో పాఠకుల మాటలో, చందాల సంగతులో ఉండవలసిన చోట ఖాళీ. 'అసలు విషయం' మాత్రం మిగిల్చి తక్కింది పారేయడం అన్న అలవాటు పరిశోధకులకే కాదు, బైండరుకీ ఉంది.

మిగిలినదాంట్లోనైనా చూడవలసింది చాలా ఉంది. పాటలు, మంగళహారతులు, పద్యాలు, పతివ్రతల చరిత్రలు, శిశుపోషణ, ఆరోగ్యం, వంటలు, స్త్రీవిద్య మీద వ్యాసాలు, సమాజాల వార్తలు. వీటి మధ్యలో కథ. ఏది సాహిత్యం, ఏది కాదు అని ఆ పత్రిక ఎక్కడా విడదీయలేదు. విడదీసింది మనం. అయితే దీన్ని చూసి మురిసిపోవడానికి కూడా లేదు. పత్రిక పెట్టింది పురుషుడు, పేరు పెట్టింది పురుషుడు. 'హిందూ' అనే మాటా, 'సుందరి' అనే మాటా రెండూ ఆలోచించవలసినవే. అంతకుముందు 1883లో వీరేశలింగం 'సతీహితబోధిని' పెట్టినా, తర్వాత రాయసం వెంకటశివుడు 'తెలుగు జనానా' నడిపినా, స్త్రీలకు హితం బోధించాలన్నదే వాళ్ల ఉద్దేశం. అక్కడ స్త్రీ ముఖ్యంగా పాఠం వినే మనిషి. 'హిందూసుందరి'లో వచ్చిన మార్పు ఏమిటంటే మొసలికంటి రమాబాయమ్మ, వెంపల శాంతాబాయమ్మ అనే ఇద్దరు స్త్రీలు సంపాదకులయ్యారు. పత్రిక తర్వాత కాకినాడకు మారినప్పుడూ దాన్ని నడిపించింది స్త్రీలే. సంపాదకత్వం స్త్రీల చేతుల్లో ఉన్న పత్రికల్లో ఇది మనకు తొలినాటిది. అక్షరం వచ్చిన స్త్రీలు, 1901 జనాభా లెక్కల ప్రకారం, దేశం మొత్తం మీద నూటికి ఒక్కరు కూడా లేని రోజులవి. ఆ ఒక్కరిలోనూ భాగం కాని భాగం కోసం ఒక మాసపత్రిక! దాన్ని ఒకరు చదివి నలుగురు వినేవారని అనుకుంటే తప్ప ఆ పత్రిక అన్నేళ్లు ఎలా నిలబడిందో నాకు అర్థం కాదు.

స్త్రీల చేతుల్లోకి వస్తే పత్రిక అభ్యుదయమైపోతుందని నేననడం లేదు. 'సావిత్రి' పత్రిక నడిపిన పులుగుర్త లక్ష్మీనరసమాంబ వితంతు పునర్వివాహాన్ని వ్యతిరేకించిన మనిషి. వీరేశలింగం పక్షాన్ని ఆమె ఎదిరించింది సనాతన ధర్మం వైపు నిలబడి. ఆమెని మనం ఎక్కడ పెట్టాలో స్త్రీవాద విమర్శ ఇప్పటికీ తేల్చుకోలేదు. నాకు మటుకు ఆమెని దాటవేయడం కంటే ఆమెతో తగాదా పడటమే మేలనిపిస్తుంది.

విద్యార్థిని ప్రశ్నకు నాకు దొరికిన జవాబు ఒక్కటే, కానీ దానివల్ల నా పాఠమంతా మారిపోయింది. కథ పక్కన తరచూ కనిపించేది సంవాదం. ఇద్దరు మాట్లాడుకునే రచన. అక్కాచెల్లెళ్లు, స్నేహితురాళ్లు, ఎక్కువగా భార్యాభర్తలు. ఈ రూపం 'హిందూసుందరి' కనిపెట్టింది కాదు, సంస్కర్తల పత్రికలన్నిటిలోనూ ఉంది. కానీ అక్కడ సంవాదంలో తెలియనివాడు అడుగుతాడు, తెలిసినవాడు చెప్తాడు. గురువు ఎవరో ముందే తెలిసిపోతుంది. అదే రూపం స్త్రీల చేతికి వచ్చేసరికి ఒక వెసులుబాటు దొరికింది. ఇంట్లో మొగుడికి ఎదురు చెప్తే గయ్యాళి. పత్రికలో, సంవాదం అనే పేరుతో, ప్రశ్న అడగొచ్చు, జవాబు నచ్చకపోతే మళ్లీ అడగొచ్చు. అచ్చమాంబే 1903లో ఒక రచనకి 'భార్యాభర్తల సంవాదము' అని పేరు పెట్టింది. 'అద్దమును సత్యవతియును' అనేది మరొకటి. మనుషులు దొరక్కపోతే అద్దంతోనైనా మాటే!

ఈ దృష్టితో 'ధనత్రయోదశి' మళ్లీ చదివి చూడండి. పేద దంపతులు. భర్త గుమాస్తా. దీపావళి ముందర ధనత్రయోదశి నాడు ఊరంతా లక్ష్మీపూజ చేసుకుంటుంటే వాళ్లింట్లో దీపానికీ కరువే. భర్త యజమాని సొమ్ము తస్కరించి తెస్తాడు. భార్య విజయలక్ష్మి ఆ డబ్బు ముట్టదు. వాదిస్తుంది, నచ్చచెప్తుంది, తిరిగి ఇచ్చి రమ్మంటుంది. కథ నడుం అంతా ఆ వాదమే. అంటే ఇది కూడా భార్యాభర్తల సంవాదమే. కాకపోతే అచ్చమాంబ దానిచుట్టూ ఒక ఇల్లు కట్టింది, ఒక పండగ రాత్రి పెట్టింది, పక్కింటి వెలుగు చూపించింది, ఆకలి పెట్టింది. మాట్లాడే ఇద్దరికీ పోగొట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండేలా చేసింది. సంవాదం కథ అయింది అక్కడే. (మా వైపు ఇళ్లలో ధనత్రయోదశి అంత పెద్ద పండగేం కాదు. తెలుగుదేశానికి దూరంగా, ఇంజనీరు భర్తతో మధ్యపరగణాలలో కాపురముండి, తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావుతో పాటు చదువుకుని, మరాఠీ హిందీలు నేర్చిన మనిషికి అటువైపు పండగ కథావస్తువుగా తోచడంలో ఆశ్చర్యం లేదు.)

భర్త మాట వినడమే పాతివ్రత్యమని ఆ పత్రికే పక్క పేజీలో పతివ్రతల చరిత్రలు వేసి చెప్తుంటుంది. ఈ కథలో విజయలక్ష్మి భర్త మాట విననందువల్ల పతివ్రత. ఈ వైరుధ్యం సంకలనంలో చదివినప్పుడు నాకు కనబడలేదు. కథ ఒంటరిగా ఉంటే అది నీతికథ. పక్క పేజీతో కలిపి చదివితే అది పక్క పేజీకి జవాబు.

ఇక 'దిద్దుబాటు'. కళగా చూస్తే దానిదే పైచేయి, ఆ మాట దాచడం నాకిష్టం లేదు. వాడుక భాష, హాస్యం, కథ మధ్యలో మొదలుపెట్టే ధైర్యం, చివర ఆ మెరుపు, ఇవేవీ 'ధనత్రయోదశి'లో లేవు. అచ్చమాంబది గ్రాంథికం. చివర యజమాని సంగతి తెలుసుకుని మెచ్చుకోవడం, మంచికి మంచే జరగడం కథని బలహీనపరిచాయి. విజయలక్ష్మి నిజాయితీకి బహుమానం రాకపోయి ఉంటే అది ఇంకా పెద్ద కథ అయ్యేది. ఇదంతా ఒప్పుకున్నాక ఒక సంగతి మిగులుతుంది. రెండు కథల్లోనూ పని ఒక్కటే: భార్య భర్తని దిద్దడం. సానిదాని పాటకు వెళ్లి ఆలస్యంగా ఇంటికొచ్చిన గోపాలరావుకి భార్య కనపడదు, ఆమె రాసిపెట్టిన ఉత్తరం కనపడుతుంది. కమలిని కథంతా మంచం కింద ఉంది. కథ అయిపోయే వేళకి ఆమె నవ్వు వినిపిస్తుంది, నగల చప్పుడు వినిపిస్తుంది. మనం చూసేది మొగుడి కంగారు, నౌకరు రాముడి తెలివితక్కువతనం. విజయలక్ష్మి మటుకు భర్త ఎదురుగా నిలబడి మాట్లాడింది. మంచం కింద ఉన్న భార్య కథని తొలి కథ అన్నాం. ఎదురుగా నిలబడిన భార్య కథ ఆడవాళ్ల పత్రికలో వచ్చిందని వదిలేశాం. గురజాడ తప్పు ఇందులో ఏమీ లేదు. ఎంపిక మనది, నా నోట్సుతో సహా.

కథలోని గుణాలు చూసి నిర్ణయించాం తప్ప ఆడా మగా చూడలేదని పెద్దలు అన్నారు, ఇప్పటికీ అంటున్నారు. ఆ గుణాలేమిటని చూస్తే, క్లుప్తత, వ్యంగ్యం, కొసమెరుపు, నీతి బోధించకపోవడం. ఇవన్నీ 'దిద్దుబాటు'ను ముందు పెట్టుకుని తయారు చేసుకున్న కొలతలు. ఆ బట్ట కొలతకు కుట్టిన చొక్కా ఇంకెవరికి పడుతుంది? సంవాదంలోంచి పుట్టిన కథకు వేరే కొలతలు కావాలి. ఎవరు మాట్లాడారు, ఎంతసేపు మాట్లాడారు, చివరి మాట ఎవరిది, విన్నవాడు మారాడా. ఈ కొలతలతో చూస్తే ఒక వరస కూడా కనిపిస్తుంది. 1928లో కె.ఎన్. కేసరి మద్రాసులో పెట్టిన 'గృహలక్ష్మి'లో కనుపర్తి వరలక్ష్మమ్మ ఏళ్ల తరబడి రాసిన 'శారద లేఖలు' ఆ సంవాదానికి తోబుట్టువులే. శారద తన స్నేహితురాలు కల్పలతకు రాస్తుంది, చట్టాల గురించీ, పెళ్లి వయసు గురించీ, చదువు గురించీ. రాజకీయ వ్యాసం అంటే అమ్మమ్మ చదివేది కాదేమో. ఎవరిదో ఉత్తరం అంటే చదవకుండా ఉంటుందా! (ఇంకో మాట. 'భారతి' వెనక అమృతాంజనం ఉంది, 'గృహలక్ష్మి' వెనక స్త్రీల జబ్బులకు వాడే కేసరి గారి లోధ్ర ఉంది. తలనొప్పి మందు పోషించిన పత్రిక బీరువాలోకీ, ఆడవాళ్ల మందు పోషించిన పత్రిక అటకమీదకీ వెళ్లాయి.)

ఇక్కడితో ఆపితే 'హిందూసుందరి'ని బీరువాలో పెట్టి తాళం వేసినట్టే అవుతుంది. నాకు ఇంకో చిక్కు ఉంది. 1910 అనగానే మనకి 'దిద్దుబాటు' గుర్తొస్తుంది. అదే 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ ముద్దుపళని 'రాధికా సాంత్వనము'ను వావిళ్ల వారి చేత అచ్చు వేయించింది. ముద్దుపళనినీ ఆమె కావ్యాన్నీ వీరేశలింగం ఎంత చులకన చేసి రాశాడో, దానికి నాగరత్నమ్మ తన పీఠికలో ఎలా జవాబు చెప్పిందో మీరందరూ చదివే ఉంటారు. 1911లో ప్రభుత్వం ఆ పుస్తకాన్ని నిషేధించింది. నాగరత్నమ్మ రాసిన పీఠిక కూడా ఒక సంవాదమే, ఆ కాలంలో ఒక స్త్రీ ఒక పురుష విమర్శకుడికి ఎదురు నిలిచి చేసిన గట్టి వాదం. కానీ 'హిందూసుందరి'లాంటి పత్రికల లోకంలో ఆ స్త్రీకి చోటేదీ? ఆ పత్రికలు 'స్త్రీ' అన్నప్పుడు వాళ్ల మనసులో ఉన్నది ఇల్లాలు. కాస్త చదువుకున్న, అగ్రవర్ణపు, హిందూ ఇల్లాలు. 'దిద్దుబాటు'లో పేరు కూడా లేని సానిది ఆ కథకి ఎంత బయటిదో ఈ పత్రికలకీ అంత బయటిదే. పొలంలో పనిచేసే స్త్రీ, దళిత స్త్రీ, ముస్లిం స్త్రీ ఆ గడప దగ్గరికి కూడా వచ్చినట్టు నేను చూసిన సంచికల్లో కనిపించలేదు. అచ్చమాంబని ఎత్తి పట్టుకుని మురిసిన మనం, ఆమె ఏ గడప లోపల నిలబడి మాట్లాడిందో కూడా చెప్పాలి. ఆ మాట అంటే ఆమె చిన్నబోతుందని నేననుకోను. 1902లో ఓరుగంటి సుందరీరత్నమాంబతో కలిసి మచిలీపట్నంలో బృందావన స్త్రీల సమాజం పెట్టి, తన పిల్లలు పోయాక అనాథ పిల్లల్ని పెంచి, 1905లో ముప్ఫై ఏళ్లకే పోయిన మనిషి. ఇంకో ముప్ఫై ఏళ్లు బతికి ఉంటే ఏ గడప దాటేదో!

'ఎవరు ముందు' అన్న తగాదా మీద నాకిప్పుడు మునుపటి ఉత్సాహం లేదు. ఆ తగాదా అవసరమే, అది లేకపోతే నేను నోట్సు మార్చుకునేదాన్ని కాదు. కానీ అందులో గెలవడానికి మనం చేసింది ఏమిటి? పత్రికలోంచి ఒక కథని జాగ్రత్తగా కత్తిరించి తీసి, దానికి చట్రం కట్టి, మళ్లీ సాహిత్య చరిత్ర గోడకే తగిలించాం. 'హిందూసుందరి' ఎప్పటిలాగే 'స్త్రీల పత్రికలు' అనే అర పేజీలో మిగిలిపోయింది. సంవాదాలు రాసినవాళ్లు, పాటలు పంపినవాళ్లు, కింద తమ పేరు కాకుండా ఫలానావారి భార్య అని వేసుకున్నవాళ్లు అందరూ అక్కడే ఉండిపోయారు. వాళ్ల పేర్లతో ఒక పట్టిక తయారు చేస్తున్నాను. చాలా పేర్ల పక్కన రాయడానికి ఊరు తప్ప ఇంకేం దొరకడం లేదు.

ఆ ప్రశ్న అడిగిన అమ్మాయి ఇప్పుడు ఒక జూనియర్ కాలేజీలో తెలుగు చెప్తోంది. మొన్న ఫోన్ చేసి, పట్టికలో తన ఊరి పేరు ఎక్కడైనా ఉందా అని అడిగింది. లేదని చెప్పాను, ఇప్పటిదాకా చూసినంత వరకు. చూడవలసిన సంచికలు ఇంకా చాలా ఉన్నాయి. మీ ఇళ్లలో, మీ అత్తగార్ల ఇళ్లలో, అటకల మీద, పాత ట్రంకు పెట్టెల్లో పాత పత్రికలేమైనా ఉంటే చిత్తు కాగితాలవాడికి వేసేముందు ఒకసారి తిరగేసి చూడండి. బైండు చేయించేట్టయితే అట్టలూ, ప్రకటనలూ, చివరి పేజీలూ చింపవద్దని బైండరుకి చెప్పండి. అరిగిపోయినా, నూనె మరకలున్నా సరే, నేను వచ్చి చూసి వెళ్తాను.